విలంబ గీతానికి చికిత్స

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో వేసవి సెలవులు రాగానే వేలాదిమంది విద్యార్థులు ‘డ్రమ్ కోర్’ అనే సంగీత బృందాలలో చేరి ఊరూరా పర్యటిస్తారు. ఇత్తడి ఊదుడు వాద్యాలు, పలురకాల చర్మవాద్యాలు, జెండాలు తిప్పుతూ నర్తించే ‘కలర్ గార్డ్’ దళం - ఈ మూడు అంగాల కలయికయే డ్రమ్ కోర్. పెద్ద బృందాలలో నూటయాభైకి పైగా సభ్యులుంటారు. వీరందరూ ఒక ఫుట్‌బాల్ మైదానమంతటా నడుస్తూ, పరుగెత్తుతూ, పది పన్నెండు నిమిషాలపాటు ఎదుట కాగితమేదీ లేకుండా వాయిస్తారు. మొదటి ప్రపంచయుద్ధం తరువాత మాజీ సైనికుల సంఘాలు పోషించిన బ్యూగిల్ దళాలు ఈ కళకు మూలం. 1972లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని వైట్‌వాటర్ పట్టణంలో డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ సంస్థ తన తొలి ఛాంపియన్‌షిప్ పోటీలను నిర్వహించింది. 2009 నుండి అనేక సంవత్సరాలు ఈ పోటీల తుది ఘట్టం ఇండియానాపొలిస్ నగరంలోని లూకాస్ ఆయిల్ స్టేడియంలో జరిగింది.

ఇటువంటి ప్రదర్శనలో వేగంగా సాగే భాగాల నడుమ ఒక నెమ్మదైన గీతం ఉంటుంది. దానిని ‘బాలడ్’ అంటారు. బాలడ్ అనగానే సాహిత్య విద్యార్థికి పలనాటి వీరచరిత్ర వంటి కథాగేయం స్ఫురించటం సహజం. ఇక్కడ ఆ అర్థం లేదు. కథ ఉన్నా లేకపోయినా, విలంబకాలంలో సాగుతూ హృదయాన్ని తాకే వాద్యగీతమే డ్రమ్ కోర్ వారి బాలడ్. మన నాట్య ప్రదర్శనలో వర్ణం ముగిసిన పిమ్మట క్షేత్రయ్య పదం వచ్చినప్పుడు సభలో కలిగే మార్పును చూచినవారు దీని స్థానాన్ని సులభంగా గ్రహించగలరు. అంతవరకు కాళ్ళ వేగాన్ని, చేతుల నేర్పును మెచ్చుకున్న ప్రేక్షకుడు ఇక్కడ మొదటిసారిగా భావం కోసం ఎదురుచూస్తాడు.

ఆ ఎదురుచూపు ఫలించకపోతే ఏమవుతుంది? వేగభాగంలో ఒక లోపం జరిగినా మరుక్షణమే మరొక విన్యాసం వచ్చి దానిని కప్పివేస్తుంది. విలంబంలో అటువంటి తెర లేదు. నిమిషానికి అరవై లెక్కల నడకలో ఒక అపస్వరం నాలుగు సెకన్లు నిలిచి అందరి చెవిన పడుతుంది. పోటీలో ఇచ్చే నూరు మార్కులలో నలభై మార్కులు ‘సమగ్ర ప్రభావం’ అనే అంశానికి చెందుతాయి. మిగిలిన అరవై దృశ్యానికి, సంగీతానికి చెరిసగం. బలహీనమైన బాలడ్ ఆ నలభై మార్కులను ముందుగా తింటుంది. 2008 తుది పోటీలో ఇల్లినాయ్ రాష్ట్రం రాక్‌ఫర్డ్‌కు చెందిన ఫాంటమ్ రెజిమెంట్ 98.125 మార్కులతో ప్రథమస్థానం పొందగా, బ్లూ డెవిల్స్ 98.100తో రెండవస్థానంలో నిలిచింది. తేడా 0.025 మాత్రమే. ఇంత సన్నని అంచుమీద నడిచేవారికి రెండు నిమిషాల గీతం చిన్న విషయం కాదు.

మార్కులకు మించినది మరొకటి ఉన్నది. ఇరవైరెండేళ్ళ ప్రాంతంలో ఈ బృందాలలో సభ్యత్వం ముగుస్తుంది. సభ్యులకు జీతం లేదు సరికదా, వారే వేలాది డాలర్లు చెల్లించి, పాఠశాలల వ్యాయామశాలల నేలమీద నిద్రించి, ఎండలో రోజంతా సాధన చేస్తారు. ఆఖరి వేసవి గడుపుతున్న యువకునికి తాను నమ్మని గీతాన్ని ప్రతి రాత్రీ వాయించవలసి రావటం ఎటువంటి శిక్షయో ఊహించవచ్చు. అందుచేత బాలడ్‌ను బాగుచేయటం అనే పని జూన్ చివర పర్యటన మొదలైననాటి నుండి ఆగస్టు రెండవ వారం వరకు శిక్షకుల మనస్సులను పట్టి పీడిస్తూనే ఉంటుంది.

పూర్వం ఈ సమస్య ఇంత తీవ్రంగా లేదు. తొలినాళ్ళ బ్యూగిల్‌కు కవాటాలు లేవు; సహజంగా పలికే కొద్ది స్వరాలతోనే సరిపెట్టుకోవలసి వచ్చేది. 1977లో రెండు కవాటాలను, 1990లో మూడు కవాటాలను అనుమతించారు. 2000లో ఏ శ్రుతికి చెందిన ఇత్తడి వాద్యాన్నయినా వాడవచ్చునన్నారు. వాద్యం విస్తరించినకొద్దీ గీతం విస్తరించింది. మార్కుల విధానం కూడ మారింది. 1984కు పూర్వం న్యాయనిర్ణేతలు కనిపించిన ప్రతి తప్పుకూ పదవవంతు మార్కు కోసేవారు. ఆ రోజులలో తప్పు లేకపోవటమే గొప్ప. ఆ పద్ధతి పోయి, సాధించినదానికి మార్కులిచ్చే పద్ధతి వచ్చిన తరువాత ‘ఈ గీతం నన్నేమి చేసింది?’ అని అడిగే అధికారం న్యాయనిర్ణేతకు లభించింది. తప్పులు లేని నిర్జీవ గీతం అప్పటినుండి దాగలేకపోయింది.

బాలడ్ బలహీనంగా ఉన్నదని తెలియగానే సాధారణంగా చేసే పని దానికి ఏదో ఒకటి చేర్చటం. మరికొంత బిగ్గరగా వాయించమంటారు. నర్తకులకు కొత్త జెండాలు ఇస్తారు. ఖాళీగా నిలుచున్న డప్పులవారికి పని కల్పిస్తారు. ఈ చేర్పులవలన గీతం బరువెక్కుతుందే గాని బలపడదు. పదకొండవ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు ఔచిత్యాన్ని గూర్చి చెబుతూ, మొలనూలును మెడలో ధరించినవారిని చూచి లోకం నవ్వుతుందన్నాడు. ఆభరణంలో లోపం లేదు. అది ఉన్న చోటులోనే లోపం. బలహీనమైన బాలడ్‌లలో అధికభాగం ఈ కోవకు చెందినవే. కనుక చికిత్సకు ముందు వేయవలసిన ప్రశ్న ఇది: ప్రదర్శనలోని ఈ చోటులో ప్రేక్షకునికి ఏమి కావాలి? ముందరి భాగం యుద్ధమయితే ఇక్కడ శోకమో విశ్రాంతియో కావాలి. ముందరి భాగమే దీర్ఘంగా, గంభీరంగా ఉంటే ఇక్కడ మరొక గాంభీర్యం పనికిరాదు. గీతం ఎంత మధురమైనదైనా దానిని తీసి మరొకటి పెట్టటమే మేలు. అయితే జూలైలో గీతాన్ని మార్చే ధైర్యం అందరికీ ఉండదు. ఉన్నా సమయం ఉండదు. అందువలన ఉన్న గీతాన్నే సంస్కరించవలసి వస్తుంది.

ఈ సంస్కరణకు మార్గదర్శకంగా నిలువగల రచన ఒకటి ఉన్నది. చెక్ స్వరకర్త ఆంటోనిన్ ద్వోర్‌జాక్ అమెరికాలో ఉంటూ 1893లో రచించిన న్యూ వరల్డ్ సింఫనీని ఫాంటమ్ రెజిమెంట్ 1989లో మైదానం మీదికి తెచ్చింది. ఆ సింఫనీలోని రెండవ భాగమైన ‘లార్గో’ లోకప్రసిద్ధమైన విలంబ గీతం. ఇంగ్లీష్ హార్న్ అనే ఊదుడు వాద్యం మీద వచ్చే దాని వరుసను అందరూ ఎరుగుదురు. అయితే ఆ వరుస కంటె ముందు ఏమున్నదో గమనించాలి. గంభీరమైన ఏడు స్వరసమ్మేళనాలు మెల్లగా ఒకదాని వెంట ఒకటి వచ్చి, మొదటి భాగపు శ్రుతి నుండి శ్రోతను మరొక శ్రుతికి చేరుస్తాయి. అంతసేపూ వరుస లేదు. తలుపు తెరుచుకుంటున్న అనుభూతి మాత్రమే ఉంటుంది. తలుపు తెరుచుకున్న తరువాత పాట వినిపిస్తుంది. భాగం చివరిదశలో ద్వోర్‌జాక్ మరొక సాహసం చేశాడు. అదే వరుసను తంత్రీవాద్యాలకు ఇచ్చి, నడుమ నడుమ నిశ్శబ్దంతో తెంపి, వాయించేవారిని కొద్దిమందికి తగ్గించాడు. గొంతు పూడుకుపోయినవాడు మాట్లాడుతున్నట్లుంటుంది. శామ్యూల్ బార్బర్ రచించి 1938లో తొలిసారి వినిపించిన ‘అడాజియో ఫర్ స్ట్రింగ్స్’ కూడ ఇటువంటిదే. మెట్టుమీద మెట్టుగా ఎక్కి, ఒకే ఒక్కసారి శిఖరాన్ని చేరి, అక్కడ ఆగి, నిశ్శబ్దంలోకి దిగుతుంది. రెండు శిఖరాలు లేవు.

దీనిని మైదానానికి అన్వయించటానికి ఒక కల్పిత ఉదాహరణను తీసుకుందాము. నాలుగేసి లెక్కల ఆవర్తాలు ముప్పదియారు ఉన్న బాలడ్ ఒకటి. వేగం నిమిషానికి అరవై లెక్కలు. అంటే నూటనలభైనాలుగు సెకన్ల గీతం. మొదటి నాలుగు ఆవర్తాలు మరింబా, వైబ్రఫోన్ల పీఠిక. తరువాత ఎనిమిది ఆవర్తాలు ఒక ట్రంపెట్ ఏకవాద్యం. పదమూడవ ఆవర్తంలో ఇత్తడి వాద్యాలన్నీ బిగ్గరగా అందుకుంటాయి. ఇరవైయొకటవ ఆవర్తంలో అదే వరుస పై శ్రుతిలో మరల బిగ్గరగా వస్తుంది. ఇరవైతొమ్మిది నుండి నాలుగు ఆవర్తాలు పరాకాష్ఠ. చివరి నాలుగు ముగింపు. కాగితం మీద చూస్తే ఇందులో లోపమేదీ కనిపించదు. కాని పదమూడవ ఆవర్తం నుండి ముప్పదిరెండవ ఆవర్తం దాకా ఎనభై సెకన్లపాటు ఒకే స్థాయి ధ్వని ఉన్నది. పరాకాష్ఠ వచ్చేసరికి చెవి అలసిపోయి ఉంటుంది. ఇంకా బిగ్గరగా వాయించటానికి ఊపిరీ మిగలదు.

ఇందులో ఇరవైయొకటి నుండి ఇరవైయెనిమిది వరకు ఉన్న ఎనిమిది ఆవర్తాలను పూర్తిగా తొలగించవచ్చు. అవి కొత్తగా చెప్పినదేమీ లేదు. పదమూడు నుండి ఇరవై వరకు వచ్చే వరుసను ట్రంపెట్ల నుండి తీసి మెల్లోఫోన్లకు, బారిటోన్లకు ఇచ్చి మృదువుగా మొదలుపెట్టించవచ్చు. శ్రుతి మార్పు కోసం ఆ ఎనిమిదింటిలో చివరి రెండు ఆవర్తాలను తిరిగి వ్రాయవలసి ఉంటుంది; ఇక్కడ తొందరపడితే అతుకు కనిపిస్తుంది. పరాకాష్ఠ తరువాత ఒక్క ఆవర్తం, అంటే నాలుగు సెకన్లు, పూర్తి నిశ్శబ్దం. పిదప ముగింపు. ఇప్పుడు గీతం ఇరవైతొమ్మిది ఆవర్తాలు, నూటపదహారు సెకన్లు. ఇరవైయెనిమిది సెకన్లు తగ్గినా గీతం వెనుకటి కంటె పొడవుగా ఉన్నట్లు తోచవచ్చు. అందులో ప్రయాణం ఉన్నది గనుక.

నిశ్శబ్దాన్ని సూచించినప్పుడు బృందంలో సందేహాలు బయలుదేరుతాయి. వేలమంది కూర్చున్న క్రీడాంగణంలో నాలుగు సెకన్ల మౌనం నాలుగు నిమిషాల వలె భయపెడుతుంది. ఆ భయమే దానికి విలువ.

సంగీతాన్ని కోయటం సులభం. మనుషులను కదల్చటమే కష్టం. ప్రతి సభ్యుని వద్ద ఒక చిన్న పుస్తకం ఉంటుంది. ఏ లెక్కకు మైదానంలో ఏ గీతకు ఎన్ని అడుగుల దూరంలో నిలవాలో అందులో వ్రాసుకుంటాడు. ఎనిమిది ఆవర్తాలు పోయాయంటే ముప్పదిరెండు లెక్కల నడక పోయినట్లే. ఇరవైయవ ఆవర్తం చివర ఉన్న చోటు నుండి పరాకాష్ఠలో ఉండవలసిన చోటుకు ఇప్పుడు దారి లేదు. సాధారణంగా ఎనిమిది అడుగులలో ఐదు గజాలు దాటుతారు, అనగా అడుగుకు సుమారు యాభైయేడు సెంటీమీటర్లు. ముప్పదిరెండు లెక్కలలో ఇరవై గజాలు దాటవలసినవాడు వాటిని ముందున్న పదహారు లెక్కలలోకి నెట్టుకుంటే అడుగు రెట్టింపు కావాలి. విలంబంలో అది వికృతంగా కనిపిస్తుంది. ఒక సెకనుకు ఒక అడుగు వేసే నడకలో ఒంటికాలి మీద శరీరం ఎంతసేపు ఆగుతుందో నిలబడి ప్రయత్నిస్తే తెలుస్తుంది. అడుగు పెద్దదైతే ఆ తూలటం పెదవుల దాకా ప్రాకి స్వరం వణకుతుంది. కాబట్టి నడక పటాన్ని గీసేవారు కొత్త దారులు వేయాలి. వారి అహంకారానికి ఇది పరీక్ష. తాము గీసిన అందమైన వలయాలను చెరిపి, పరాకాష్ఠ వేళ అందరినీ కదలకుండా ప్రేక్షకులవైపు నిలబెట్టటమే ఉత్తమమని ఒప్పుకోవలసి రావచ్చు. దీనిని కొందరు సోమరితనంగా ఎంచుతారు. రెండు నిమిషాలు నిరంతరం కదిలినవారు ఒక్కసారి ఆగటంలో ఉన్న శక్తిని వారు తక్కువగా అంచనా వేస్తున్నారు.

నిలబడినప్పుడు ఎక్కడ నిలబడ్డారన్నది కూడ ముఖ్యమే. మైదానం వెనుక గీత నుండి ముందు గీతకు దాదాపు నలభైతొమ్మిది మీటర్లు. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. కనుక వెనుకనున్న ట్యూబా స్వరం ముందు గీతకు చేరటానికి 0.14 సెకను పడుతుంది. వెనుకవారు, ముందువారు ఒకేసారి మొదలుపెడితే ప్రేక్షకునికి స్వరసమ్మేళనం చీలిపోయి వినిపిస్తుంది. వేగభాగంలో చప్పుడు మధ్య ఇది కొంత మరుగుపడవచ్చు. మృదువైన గీతంలో అంచులన్నీ బయటపడతాయి. అందుచేత ముందున్నవారు కళ్ళతో చూచిన లెక్కను కాక, వెనుకనుండి చెవికి చేరిన ధ్వనిని అనుసరించి వాయించటం అలవరచుకుంటారు. బాలడ్‌లో మంద్రస్థాయి వాద్యాలను వెనుక, మధ్యలో ఒకేచోట చేర్చటం వలన ఈ పని సులువవుతుంది. చాలా బాలడ్‌ల దుర్బలత్వానికి కారణం రచన కాదు, ట్యూబాలు మైదానం రెండు కొసలకూ చెదరిపోవటమే.

శ్రుతి విషయం కొంచెం వివరంగా చెప్పవలసి ఉన్నది. పాశ్చాత్యుల ప్రధాన స్వరసమ్మేళనం మన షడ్జ, అంతర గాంధార, పంచమాల కలయిక. పియానో వంటి వాద్యంలో సప్తకాన్ని పన్నెండు సమభాగాలు చేస్తారు. ఒక్కొక్క భాగంలో నూరు ‘సెంట్లు’. ఆ లెక్కలోని గాంధారం తంబురా పలికే సహజ గాంధారం కంటె సుమారు పదునాలుగు సెంట్లు ఎక్కువ. పంచమం రెండు సెంట్లు తక్కువ. వేగంగా దాటిపోయే స్వరాలలో ఈ భేదం తెలియదు. నాలుగు సెకన్లు నిలిచే సమ్మేళనంలో గాంధారం వాయించేవారు ఆ పదునాలుగు సెంట్లు తగ్గించినప్పుడే స్వరాలు ఒకదానిలో ఒకటి కరిగి, మైదానమంతా మ్రోగుతున్నట్లవుతుంది. ఇది కాగితంలో వ్రాసి ఉండదు. ఎవరికి వారు ‘ఈ సమ్మేళనంలో నేను షడ్జమా, గాంధారమా, పంచమమా?’ అని తెలుసుకోవాలి. అందుకే మంచి శిక్షకులు వాద్యాలను నేలమీద పెట్టించి గీతమంతా గొంతుతో పాడిస్తారు. పాడలేని స్వరాన్ని ఊదలేరు. ఎండవేడికి వాద్యంలోని గాలి వేడెక్కి శ్రుతి పెరగటం మరొక చిక్కు. 2009 నుండి అనుమతించిన ఎలక్ట్రానిక్ వాద్యాల శ్రుతి మాత్రం అలా పెరగదు. పక్కపక్కనే రెండూ మ్రోగితే ఏది తప్పో ప్రేక్షకునికి తెలియకపోయినా, ఏదో తప్పు ఉన్నదని తెలుస్తుంది.

ఊపిరి సంగతి అందరికీ తెలిసినదే. నాలుగు ఆవర్తాల వాక్యం పదహారు సెకన్లు. బిగ్గరగా ఊదే ట్యూబా వాదకుడు ఒక్క ఊపిరితో అంత దూరం పోలేడు. పక్కవాడు ఊదుతుండగా తాను, తాను ఊదుతుండగా పక్కవాడు గాలి పీల్చుకునేటట్లు వంతులు వేసుకుంటారు. వంతులు తప్పి అందరూ ఆవర్తం అంచున ఒకేసారి గాలి పీల్చితే వాక్యం ముక్కలవుతుంది.

ఇక అన్నింటికంటె సున్నితమైనది ఏకవాద్యం. పైన చెప్పిన ఎనిమిది ఆవర్తాలను వాయించే ట్రంపెట్ యువతి పదింట నాలుగుసార్లు పైస్వరాన్ని జారవిడుస్తున్నదనుకుందాము. ఆమెకిది చివరి వేసవి. మరొకరికి ఇవ్వమని కొందరు, ఉండనివ్వమని కొందరు వాదిస్తారు. ఇద్దరూ ఒక మధ్యమార్గాన్ని మరచిపోతున్నారు. మన సభలలో గాయకుని గొంతుకు తగినట్లు శ్రుతిని ఒక మెట్టు దించటం తప్పుగా ఎవరూ ఎంచరు. గీతారంభాన్ని ఒక స్వరస్థానం దించి వ్రాస్తే ఆ పైస్వరం ఆమెకు అందుబాటులోకి రావచ్చు. పైగా తరువాత రాబోయే శ్రుతి మార్పు ఇంకా ఉన్నతంగా వినిపిస్తుంది. ఆమె నిలిచిన చోటును కూడ పరిశీలించాలి. ఎక్కడో మూల నిలబెట్టి, ఆమె ముందు ముప్పైమంది జెండాలు తిప్పుతుంటే ఎవరు వాయిస్తున్నారో వెదకటంలోనే సగం గీతం గడిచిపోతుంది. జెండాలు దించి, ఆమెవైపు తిరిగి నిలిచిన ఒక్క నర్తకి చాలు. ఇవన్నీ చేసిన పిమ్మట కూడ స్వరం జారితే అప్పుడు వాద్యాన్ని మార్చటం న్యాయం. మాట ఆమెకు అందరికంటె ముందుగా, ఏకాంతంలో చెప్పాలి.

డప్పుల దళం ఈ రెండు నిమిషాలూ మౌనంగా ఉండవచ్చు. పరాకాష్ఠకు ముందు టింపని మీద మెల్లగా పెరిగే ఒక మ్రోత, వ్రేలాడదీసిన తాళం మీద ఒక అలజడి చాలును. 2004 నుండి మైకులను అనుమతించటం వలన మరింబా వంటి మృదువాద్యాలు చివరి వరుసకు కూడ వినిపిస్తున్నాయి. ఈ సౌకర్యాన్ని మితంగా వాడుకోవాలి. బలహీనమైన ట్యూబాల లోటును యంత్రపు మంద్రధ్వనితో పూడ్చిన బృందాన్ని గుర్తించటం న్యాయనిర్ణేతకు కష్టమేమీ కాదు.

సవరించిన గీతాన్ని తెచ్చి నేరుగా పోటీలో పెట్టకూడదు. మొదట పాడించాలి. తరువాత వలయంగా నిలబెట్టి వాయింపించాలి. ఆ పిమ్మటనే నడక. ఒక శిక్షకుడు గ్యాలరీ పై వరుసలో కూర్చుని ఒకసారి కళ్ళు మూసుకుని వినాలి. ఆ సాధన దృశ్యాన్ని మరొకసారి ధ్వని లేకుండా చూడాలి. వినేటప్పుడు శిఖరం ఎక్కడ వచ్చిందో, చూచేటప్పుడు ఎక్కడ వచ్చిందో ఆ రెండు లెక్కలూ వ్రాసుకోవాలి. అవి ఒకటి కాకపోతే పని ఇంకా మిగిలియున్నట్లే. కొత్త రూపాన్ని మొదటిసారి ప్రదర్శించిన రాత్రి మార్కులు తగ్గినా ఆశ్చర్యం లేదు. కాళ్ళు పాత దారి వెదుకుతుంటాయి, కొందరు తొలగించిన ఆవర్తాలలోకి పొరపాటున పోతారు. ఆ రాత్రి బస్సులో పాత రూపమే నయమన్న మాట తప్పక వినిపిస్తుంది. మూడు ప్రదర్శనలు గడిచేవరకు ఆ చర్చను వాయిదా వేసి, మరునాటి ఉదయం మరల గాంధారం పాడించటంతో సాధన మొదలుపెట్టాలి.